మీ లారీ పొగ తగ్గాలంటే: ఏ బండికి ఏ పని, ఏ వరుసలో

ముందు ఆర్‌సీ తీసి, ఎమిషన్ నార్మ్స్ అన్న చోట ఏముందో చూడండి. భారత్ స్టేజ్ (బీఎస్) 3 అని ఉందా, 4 అని ఉందా, 6 అని ఉందా అన్నదాన్ని బట్టి మీరు చేయాల్సిన పని మారుతుంది. పాత కార్డులో ఆ వివరం లేకపోతే బండి తయారైన నెల చూసుకోండి. బీఎస్-4 దేశమంతటా అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. మధ్యలో 5 లేదు, దాన్ని దాటేశారు.

పొగలో ముఖ్యంగా చూసుకోవాల్సినవి రెండు. ఒకటి మసి. ఇది కంటికి కనిపిస్తుంది, చొక్కాకు అంటుకుంటుంది. రెండోది నైట్రోజన్ ఆక్సైడ్లు. వీటిని చాలావరకు కంటితో పట్టుకోలేం, ఊపిరితిత్తుల్ని మాత్రం ఇవి వదలవు. ఈ రెండిటికీ అసలు పొసగదు. ఇంజన్‌లో మంట బాగా వేడెక్కితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మంటకు గాలి చాలకపోతే మసి పెరుగుతుంది. అందుకే కొత్త బండ్లలో కొంత పని ఇంజన్ లోపల, మిగతాది సైలెన్సర్ దారిలో జరుగుతుంది. పెద్ద ఇంజన్ ఒక యూనిట్ పని చేసినందుకు బీఎస్-4లో 3.5 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చు. బీఎస్-6లో ఆ హద్దు అర గ్రాము కూడా లేదు, 0.46 గ్రాములు. అయితే అది అన్ని పార్టులూ పనిచేసే బండి లెక్క. పొగలోకి యూరియా చల్లే నాజిల్ (దాని సంగతి నాలుగో పనిలో) మూసుకుపోయిన బీఎస్-6 బండి ఆ విషయంలో పాత బండి కిందే లెక్క.

డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఊళ్లో జనం కంటే ముందు దాన్ని పీల్చేది మన డ్రైవరూ క్లీనరూ, ఆ తర్వాత ఆటోనగర్‌లో సైలెన్సర్ దగ్గర తల పెట్టి పనిచేసే మేస్త్రీలు.

మొదటి పని: పొగ రంగు చూడటం

పొద్దున్నే బండి స్టార్ట్ చేయమని చెప్పి మీరు వెనక్కి వెళ్లి నిలబడండి. చల్లటి ఇంజన్ మొదటి నిమిషం కాస్త తెల్లగా వదిలితే కంగారు పడక్కర్లేదు. వేడెక్కాక ఏం వస్తోందో అది చూడాలి.

నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్, గాలిని ఇంజన్‌లోకి నెట్టే టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాలు, డీజిల్ చల్లే నాజిళ్లు, పంపు, వీటిలో ఏదో ఒకటి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. టర్బో సీలో, వాల్వ్ సీళ్లో, పిస్టన్ రింగులో పోయాయి. వేడెక్కిన తర్వాత కూడా తెల్లగానే వస్తుంటే రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయేమో రెండు రోజులు గమనించండి. తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ దగ్గర అనుమానం. తగ్గకపోతే ఏదో ఒక నాజిల్ డీజిల్‌ను సన్నగా చల్లకుండా కారుస్తోంది.

బీఎస్-6 బండికి ఈ పరీక్ష చాలదు, పొగ కనిపించదు కాబట్టి. బండి బాగా చల్లారాక సైలెన్సర్ గొట్టం చివర లోపలి వైపు తెల్లగుడ్డతో తుడవండి. మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, బాగుంటే గుడ్డకు పెద్దగా ఏమీ అంటదు. నల్లగా వస్తే ఫిల్టర్ పగిలి ఉండాలి, లేదా ఎవరో లోపలి సామాను పీకేసి ఉండాలి. సెకండ్‌హ్యాండ్ బండి కొనడానికి వెళ్లినప్పుడు నేను టైర్ల కంటే ముందు ఈ గొట్టమే చూస్తాను.

రెండో పని: గాలి దారి

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇక్కడే. మన దగ్గర చాలా బండ్లు దుమ్ములోనే బతుకుతాయి. చీమకుర్తి గ్రానైట్, తాడిపత్రి, జగ్గయ్యపేట వైపు సిమెంటు, కొత్తగూడెం, రామగుండం బొగ్గు, రైస్ మిల్లుల ఊక. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు ఈ బండ్లకు సరిపోవు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గర చిన్న సూచిక ఉంటుంది. అది ఎర్రగా మారితే ఫిల్టర్ మూసుకుందని అర్థం. కొన్ని మోడళ్లలో డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది.

ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులిపే అలవాటు మానిపించండి. కాగితం మడతలు చిరిగితే దుమ్ము నేరుగా టర్బోలోకి వెళ్తుంది. గాలితో ఊదాలనుకుంటే తక్కువ ప్రెషర్‌తో, లోపలి నుంచి బయటికి ఊదాలి. లోపల ఉండే చిన్న ఫిల్టర్‌ను మాత్రం శుభ్రం చేయకూడదు, మార్చడమే. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాల మీద సబ్బు నీళ్లు పోసి, ఇంజన్ రేజ్ చేయించి చూడండి. బుడగలు వచ్చిన చోట గాలి పోతోంది. ఒక్క క్లిప్పు వదులైనా ఎత్తు ఎక్కేటప్పుడు బండి నల్లగా కొడుతుంది, పికప్ కూడా ఉండదు.

మూడో పని: డీజిల్, పంపు, నాజిళ్లు

2020 ఏప్రిల్ నుంచి దేశంలో ఏ బంకులో పోయించినా బీఎస్-6 డీజిలే. గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించదు. కర్ణాటకలోనో యానాంలోనో రేటు తక్కువని అక్కడ ట్యాంకు నింపించుకునే అలవాటు మనవాళ్లకు ఉంది. దానివల్ల ఇంజన్‌కు వచ్చే నష్టం ఏమీ లేదు. నష్టం వచ్చేది హైవే పక్కన రేకుల షెడ్డులో బయోడీజిల్ పేరు చెప్పి అమ్మే సరుకుతో. అందులో ఏం కలిపారో అమ్మేవాడికే తెలియదు. కొత్త ఇంజన్లలో డీజిల్ చల్లే కామన్ రైల్ ఇంజెక్టర్ల రంధ్రాలు వెంట్రుక కంటే కొంచెం లావు, అంతే. అవి ఒకసారి పాడైతే లీటరు మీద మిగుల్చుకున్నదంతా ఒక్క బిల్లులో పోతుంది.

వాటర్ సెపరేటర్ కింది మరను రోజూ పొద్దున బండి తీసే ముందు కొంచెం వదులు చేసి నీళ్లు వదిలించండి. ఇది క్లీనర్ పని, రెండు నిమిషాలు చాలు.

పాత మెకానికల్ పంపు ఉన్న బీఎస్-3 బండ్లలో ఒక రోగం ఉంది. బండి లాగట్లేదని డ్రైవర్ అంటాడు, మేస్త్రీ పంపు సీలు తెంచి స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతాడు. ఆ రోజు బండి బాగానే లాగుతుంది, వెనక వచ్చే బైకువాడికి మాత్రం దారి కనిపించదు. పైగా కాలకుండా పోయిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి రింగులను అరగదీస్తుంది. మీ పంపుకు సీలు ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే పంపును బెంచి మీద పెట్టి కంపెనీ లెక్క ప్రకారం క్యాలిబ్రేట్ చేయించండి. అదే రోజు నాజిళ్ల ప్రెషర్ పరీక్ష, ట్యాపెట్ సెట్టింగ్ కూడా చేయించుకుంటే బండిని రెండుసార్లు నిలబెట్టే పని తప్పుతుంది. పాత బండికి ఇంతకు మించి చేయగలిగింది తక్కువే. బీఎస్-3, బీఎస్-4 బండ్ల వాళ్లు తర్వాతి మూడు పనులూ వదిలేసి నేరుగా బండి నడిపే పద్ధతికి వెళ్లొచ్చు. అయితే బీఎస్-4లోనూ కొన్నిటికి యూరియా ట్యాంకు ఉంటుంది, వాళ్లు మాత్రం తర్వాతిది కూడా చదవండి.

నాలుగో పని: యూరియా ట్యాంకు

డబ్బా మీద డీఈఎఫ్ అని ఉంటుంది, కొందరు యాడ్‌బ్లూ అంటారు, మన డ్రైవర్లకు మాత్రం అది యూరియానే. 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతా 67.5 శాతం ఖనిజాలు తీసేసిన నీళ్లు. వేడి పొగలోకి దీన్ని చల్లితే అమ్మోనియా పుడుతుంది. ఎస్‌సీఆర్ డబ్బాలో అది నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది.

యూరియానే కదా, బస్తా తెచ్చి బోరు నీళ్లలో కలుపుకుంటే పోదా అని నన్ను అడిగినవాళ్లు లెక్కలేనంతమంది. పోదు. పొలం యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి. అందులో బైయూరెట్ అనే మలినం 1.5 శాతం దాకా ఉండొచ్చు, డీఈఎఫ్‌లో 0.3 శాతం దాటకూడదు. ఇక నీళ్ల సంగతి. డీఈఎఫ్‌లో కాల్షియం కిలోకు అర మిల్లీగ్రామ్ మించకూడదు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున ఎంత తెలుపు పేరుకుంటుందో ఇంట్లో చూస్తూనే ఉన్నాం. అదే తెలుపు ఎస్‌సీఆర్ లోపల పేరుకుంటుంది. ఇది చాలదన్నట్టు, రైతుకు సబ్సిడీ మీద ఇచ్చే యూరియాను వేరే పనికి మళ్లిస్తే కేసు కూడా అవుతుంది.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఎండాకాలంలో ఒక ధాబా పక్కన లూజుగా అమ్ముతుంటే మా డ్రైవర్ చవకని పోయించాడు. బిల్లు చూసి తెలివైన పనే చేశాడని నేనూ అనుకున్నాను. మూడో ట్రిప్పులో లైటు వెలిగింది, ఆ తర్వాత బండి లాగుడు తగ్గింది. విప్పి చూస్తే యూరియా చల్లే నాజిల్ మూతికి కలకండ గడ్డలా తెల్లగా పట్టేసి ఉంది. నాజిల్, పంపు, ట్యాంకు కడగడం, బండి నిలబడిన రోజులు కలిపి ఆ నెల కిరాయి దానికే సరిపోయింది.

కాబట్టి ఇలా చేయండి. సీలు తీయని డబ్బా కొనండి, మీద ఐఎస్‌ఓ 22241 అని, తయారీ తేదీ ఉండాలి. నీడలో పెట్టండి. 30 డిగ్రీల లోపు ఉంచితే ఏడాది ఆగుతుంది, 35 డిగ్రీల్లో ఆరు నెలలే. మే నెలలో క్యాబిన్ పైన కట్టి తిప్పిన డబ్బా ఎన్నాళ్లు ఆగుతుందో మీరే ఊహించుకోండి. డీజిల్ పోసిన గరాటాను దీనికి వాడకండి, ఒక్క చుక్క డీజిల్ పడినా యూరియా పంపులో సీళ్లు ఉబ్బిపోతాయి. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు కూడా వద్దు, ప్లాస్టిక్కో స్టెయిన్‌లెస్ స్టీలో వాడాలి. పొరపాటున డీజిల్ ట్యాంకులో యూరియా పడితే తాళం కూడా తిప్పకుండా ట్యాంకు దించించండి. తాళం తిప్పితే పంపు దాన్ని ఇంజన్ దాకా లాగేస్తుంది.

నాలుగు బండ్లున్నవాళ్లు డీఈఎఫ్ రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనుక్కోవచ్చు. ఒక చుక్క వేసి కంటికి పెట్టుకుంటే యూరియా శాతం తెలుస్తుంది. 31.8 నుంచి 33.2 మధ్య ఉండాలి. నీళ్లు కలిపారా అన్నది అది పట్టిస్తుంది కానీ, అవి ఎలాంటి నీళ్లో చెప్పదు.

ఇంకోటి, డీజిల్ రాసే నోటుబుక్కులోనే యూరియా లీటర్లు కూడా రాయించండి. వంద లీటర్ల డీజిల్‌కు మోడల్‌ను, లోడును బట్టి 3 నుంచి 6 లీటర్లు పడుతుంది. మీ బండి మామూలుగా 5 తాగుతూ ఒక నెల హఠాత్తుగా 2కు దిగితే మిగిలిందని సంతోషించకండి. అది చల్లడం మానేసింది. ట్యాంకు ఖాళీ అయినా, సరుకు బాగా లేకపోయినా బండి ముందు లాగుడు తగ్గించుకుంటుంది. అప్పటికీ పట్టించుకోకపోతే గంటకు 20 కిలోమీటర్లు దాటదు. లోడుతో ఘాట్ రోడ్డు మీద ఆ పరిస్థితి వస్తే టెన్షన్ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఐదో పని: మసి కాల్చుకోనివ్వడం

డీపీఎఫ్ తేనెపట్టులా సన్నటి గదులున్న ఫిల్టర్. మసిని పట్టి ఉంచుతుంది, నిండాక కాల్చుకుంటుంది. దీన్నే రీజెన్ అంటారు. లోడుతో హైవే మీద వెళ్లే బండికి సైలెన్సర్ వేడికే ఆ పని చాలావరకు జరిగిపోతుంది. వేడి చాలనప్పుడు బండే పొగదారిలో కొంచెం డీజిల్ కాల్చి, ఫిల్టర్‌ను 600 డిగ్రీల దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ సమయంలో తాళం తీసేస్తే పని సగంలో ఆగుతుంది. నాలుగుసార్లు అలా ఆగితే ఫిల్టర్ నిండిపోయి కంప్యూటర్ పెడితే గానీ కదలని స్థితి వస్తుంది.

ఇబ్బంది ఎక్కువగా ఊళ్లో తిరిగే బండ్లకు. ఇసుక టిప్పర్లు, రెడీమిక్స్ బండ్లు ఐదు కిలోమీటర్లు వెళ్లి గంట నిలబడతాయి. సైలెన్సర్ వేడెక్కదు, మసి కాలదు. పైగా ఆ చల్లటి గొట్టంలోకి చల్లిన యూరియా ఆవిరి కాక గడ్డకడుతుంది. అలాంటి బండిని వారానికి ఒకసారైనా ఒక అరగంట, రింగు రోడ్డు మీదనో హైవే మీదనో, ఒక గేరు తగ్గించి ఇంజన్ గట్టిగా తిరిగేలా ఆగకుండా నడిపించండి.

లైటు వెలిగి బటన్ నొక్కి రీజెన్ చేయమంటే స్థలం చూసుకోండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, సైలెన్సర్ చుట్టూ ఖాళీ ఉన్న మట్టి నేల మీద పెట్టాలి. ఎండుగడ్డి, వరిగడ్డి లోడు, పత్తి బేళ్లు, వేలాడే టార్పాలిన్ తాళ్లు దగ్గర్లో ఉండకూడదు. బంకులో, షెడ్డులో అసలు చేయకూడదు. అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అంతసేపూ డ్రైవర్ బండి దగ్గరే ఉండాలి, పిల్లల్ని సైలెన్సర్ వైపు రానివ్వకూడదు.

మసి కాలుతుంది గానీ బూడిద కాలదు. ఆ బూడిద ఇంజన్ ఆయిల్ నుంచి వస్తుంది. అందుకే బీఎస్-6 బండికి పాత బండిలో మిగిలిన ఆయిల్ పోయకండి. డబ్బా మీద సీకే-4 అనో, మీ బండి పుస్తకంలో రాసిన గ్రేడో ఉండాలి. ఏళ్లు గడిచాక ఫిల్టర్ విప్పి బూడిద తీయించాల్సి వస్తుంది. దానికి వేడిచేసి, గాలితో ఊదే యంత్రం ఉన్న చోటికే తీసుకెళ్లండి. వాటర్ సర్వీసింగ్ పైపు పెట్టి కొడితే లోపలి గదులు విరుగుతాయి.

ఆరో పని అనలేను, చేయకూడని పని

ఫిల్టర్ తీసేస్తాం, యూరియా అక్కర్లేకుండా ప్రోగ్రాం మారుస్తాం, కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్‌కు ప్లేటు వేసి మూసేస్తాం అని చెప్పేవాళ్లు ప్రతి ఆటోనగర్‌లో దొరుకుతారు. కొంతకాలం ఖర్చు తగ్గినట్టే ఉంటుంది. మీరు గమనించని విషయం ఒకటుంది. పొగదారి డబ్బాల్లో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. తీసేసినందుకు మీ దగ్గర కూలి పుచ్చుకుని, తీసిన సామాను తీసుకెళ్లి అమ్ముకునేదీ అతనే. అలా మార్చిన బండి మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం. పొగ ప్రమాణాలు మీరితే 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 రూపాయల దాకా, మూడు నెలల జైలు దాకా వెళ్లొచ్చు, లైసెన్సు మూడు నెలలు రద్దవుతుంది.

బండి నడిపే పద్ధతి

ఇది డ్రైవర్ చేతిలో ఉంది, కాబట్టి అతనితో కూర్చుని మాట్లాడండి. స్టార్ట్ చేశాక నిమిషం, ఆపే ముందు టర్బో చల్లారడానికి రెండు మూడు నిమిషాలు, ఇవి చాలు. లోడింగ్ దగ్గర గంటల తరబడి ఇంజన్ ఆన్‌లో ఉంచితే ఎంత డీజిల్ పోతుందో ఒకసారి ట్యాంకు నిండుగా నింపి మీరే కొలవండి. కాలిన ప్రతి లీటరుకూ 2.6 కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. ఎప్పటికప్పుడు టైర్లలో గాలి చూసుకోవడం, 60 దగ్గర నిలకడగా నడపడం, అనుమతికి మించి లోడు వేయకపోవడం అందరికీ తెలిసినవే.

ఒక చిక్కు మాత్రం ఉంది. కొత్తగా తయారయ్యే లారీలకు 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మండుటెండలో నడిపే డ్రైవర్‌కు అది రావాల్సిందే. కానీ మధ్యాహ్నం నిద్రకు ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేసుకుంటే ఐడిలింగ్ పెరుగుతుంది, డీపీఎఫ్ నిండుతుంది. డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు. చెట్టునీడ, ఫ్యాను, మంచం ఉన్న హాల్ట్ ఎక్కడ దొరుకుతుందో రూటు వేసేటప్పుడే చూసుకుని, దాని ఖర్చు మీరు పెట్టుకోవాలి. డీజిల్ లెక్కతో పోలిస్తే అది చిన్నదే.

పొల్యూషన్ పరీక్షకు వెళ్లేముందు

ఇంజన్ బాగా వేడెక్కాక వెళ్లండి. మీటరు పెట్టే ముందు రెండు మూడుసార్లు గట్టిగా రేజ్ చేస్తే సైలెన్సర్‌లో పేరుకున్న పాత మసి ఎగిరిపోతుంది, లేకపోతే ఆ మసీ మీ లెక్కలోనే పడుతుంది. బీఎస్-4కు ముందు బండ్లకు పొగ నలుపు హద్దు 2.45, అంటే పాత కొలతలో 65. బీఎస్-4కు 1.62, అంటే 50. సర్టిఫికెట్ మీద అంకె ఒక్కటే చూసి పారేయకండి, ప్రతిసారీ ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి. 0.9 ఉన్న బండి ఏడాదిలో 1.4కు వస్తే పాసైనట్టే, కానీ లోపల ఏదో మొదలైంది.

ఈ పరీక్ష డీజిల్ బండిలో కొలిచేది పొగ నలుపునే. నైట్రోజన్ ఆక్సైడ్లను అది చూడదు. యూరియా చల్లడం ఆగిపోయిన బండి కూడా హాయిగా పాసవుతుంది. అక్కడ మీకు దారి చూపించేది ముందు చెప్పిన నోటుబుక్కు, డ్యాష్‌బోర్డు లైటు, అంతే.

ఉత్తరాదికి మామిడి, మిర్చి లోడ్లు వేసేవాళ్లకు ఇంకో మాట. ఢిల్లీలో రిజిస్టర్ కాని బీఎస్-3, అంతకంటే పాత సరుకు బండ్లను 2025 నవంబర్ 1 నుంచి అక్కడికి రానివ్వకూడదని ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల (ఎన్‌సీఆర్) గాలి నాణ్యత కమిషన్ ఆదేశించింది. బీఎస్-4 బండ్లకు 2026 అక్టోబర్ 31 దాకా గడువు ఇచ్చారు. చలికాలంలో గాలి మరీ చెడిపోతే ఈ ఆంక్షలు ఇంకా బిగుస్తాయి. కాబట్టి నూజివీడులో లోడు ఒప్పుకునే ముందే ఆర్‌సీలో ఏముందో చూసుకోండి, ఢిల్లీ సరిహద్దులో చూసుకుంటే అప్పటికే కాయ పండుతుంటుంది.